రాత్రి రెండింటికి లేచేదెవరు? పెద్దవాళ్ల సంరక్షణపై మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈమధ్య సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ల దగ్గర్నుంచి అడల్ట్ ఫ్యామిలీ హోమ్‌ల గురించి ఉత్తరాలు బాగా వస్తున్నాయి, అమ్మనో అత్తగారినో చేర్పిద్దామా అనుకునేవాళ్లు కొందరు, అలాంటి ఇల్లు నడుపుతూ తల పట్టుకున్నవాళ్లు కొందరు. నేను నర్సుని, కొన్నేళ్లుగా స్నోహోమిష్ కౌంటీలో ఆరు పడకల ఇల్లు నడుపుతున్నా, అందుకే ఈ నెల కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేశా. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ఇది నర్సింగ్ హోమ్ కాదు. వీధిలో మిగతా ఇళ్లలాగే ఉండే మామూలు ఇల్లు, అందులో కొద్దిమంది పెద్దవాళ్లని ఉంచుకుని చూసుకుంటారు, వాషింగ్టన్ రాష్ట్రంలో డీఎస్‌హెచ్‌ఎస్ అనే ప్రభుత్వ శాఖ లైసెన్స్ ఇస్తుంది, మామూలుగా ఆరుగురి దాకా, 2020లో చట్టం మారాక ప్రత్యేక అనుమతి ఉంటే ఎనిమిది మంది దాకా పెట్టుకోవచ్చు. నడిపేవాళ్లలో రొమేనియా, ఫిలిప్పీన్స్, ఇథియోపియా, కెన్యా నుంచి వచ్చినవాళ్లు చాలామంది, మనవాళ్లూ ఇప్పుడిప్పుడే వస్తున్నారు.

ప్రశ్న: అక్కా నమస్తే. మా అత్తయ్యకి 78, ఇరవై ఏళ్లుగా షుగర్, రోజూ ఇన్సులిన్. రెండేళ్ల నుంచి మతిమరుపు కూడా మొదలైంది, మొన్న స్టవ్ మీద గిన్నె మాడిపోయేదాకా చూసుకోలేదు. మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్లాలి. దగ్గర్లో ఒక హోమ్ చూశాం, చాలా నీట్‌గా ఉంది, కానీ అక్కడ రోజంతా నర్సు ఉండదట, కేర్‌గివరే ఇన్సులిన్ ఇస్తుందట. ఇది కరెక్టేనా? ఇంకా ఏం చూసుకోవాలి? – ఒక కోడలు, బోథెల్

జవాబు: కరెక్టే చెల్లీ, కాకపోతే దాని వెనక ఒక పద్ధతి ఉంది, అది జరుగుతోందా లేదా మీరు అడగాలి. దీన్ని నర్స్ డెలిగేషన్ అంటారు. ఒక రిజిస్టర్డ్ నర్సు వచ్చి మీ అత్తయ్యని చూసి, ఫలానా కేర్‌గివర్‌కి ఫలానా పని దగ్గరుండి నేర్పించి, చేయించి చూసి, కాగితం మీద రాసి అప్పజెప్తుంది. ఆ అప్పజెప్పడం ఆ ఒక్క మనిషికి, ఆ ఒక్క పనికి, ఆ ఒక్క కేర్‌గివర్‌కే. ఆవిడ సెలవు పెడితే పక్క ఆవిడ సిరంజి పట్టుకోవడానికి లేదు, ఆ రెండో ఆవిడకి కూడా నర్సు విడిగా నేర్పి రాసి ఉంటే తప్ప. దీనికి ముందు కేర్‌గివర్ తొమ్మిది గంటల డెలిగేషన్ కోర్సు, ఇన్సులిన్ అయితే షుగర్ గురించి ఇంకో మూడు గంటలు చదివి ఉండాలి, తర్వాత కూడా నర్సు కనీసం 90 రోజులకోసారి వచ్చి చూసి వెళ్లాలి. కాబట్టి "మీ డెలిగేటింగ్ నర్సు చివరిసారి ఎప్పుడొచ్చారు, ఆదివారం ఇన్సులిన్ ఎవరిస్తారు" అని అడగండి. ఆదివారం సంగతి తప్పకుండా అడగండి.

ఇంకొకటి, ఇది ఇక్కడి కాగితాల్లో ఎక్కడా ఉండదు కాబట్టి మీరే చెప్పాలి. అత్తయ్యగారు శనివారం ఒక్కపొద్దు ఉంటారా? ఏకాదశి ఉపవాసం? మతిమరుపు వచ్చినా ఇవి మర్చిపోరు, నేను చూశాను, ఏ వారమో తెలీకపోయినా ఎవరో శనివారం అన్నారంటే చాలు కంచం పక్కకి తోసేస్తారు. కేర్‌గివర్ పాపం కాగితంలో ఉన్నట్టు టైముకి ఇన్సులిన్ ఇచ్చేస్తుంది, ఈవిడ తినరు, గంట తిరిగేసరికి చెమటలు, వణుకు, తికమక, అది మతిమరుపు వల్లే అనుకుంటారు అందరూ. షుగర్ 70 కంటే తగ్గితే, మెలకువగా ఉండి మింగగలిగితే అరకప్పు జ్యూస్ ఇచ్చి 15 నిమిషాలకి మళ్లీ చూడాలి, మగతలో ఉంటే నోట్లో ఏదీ పొయ్యకుండా 911కి ఫోన్ చెయ్యాలి, అది వాళ్లకి తెలుసు, కానీ ఉపవాసం సంగతి తెలీదు. డాక్టర్‌తో మాట్లాడి ఆ రోజు ఏం చెయ్యాలో, ముందు పళ్లెం ఖాళీ అయ్యాక ఇన్సులినా లేక డోసు మార్చాలా, కేర్ ప్లాన్‌లో, అంటే ఆవిడని ఎలా చూసుకోవాలో హోమ్ వాళ్లు రాసే కాగితంలో, రాయించండి.

ఇల్లు నీట్‌గా ఉందన్నారు, మంచిదే. కానీ రెండోసారి సాయంత్రం ఆరు, ఏడు గంటలకి వెళ్లండి, పగటి స్టాఫ్ వెళ్లిపోయి ఇల్లు పల్చబడే టైము అది. అక్కడున్న పెద్దవాళ్ల గోళ్లు చూడండి, కళ్లద్దాలు తుడిచి ఉన్నాయా, చెవి మెషిన్ చెవిలో ఉందా డ్రాయర్‌లో ఉందా చూడండి, ఇవి చూసుకునేవాళ్లు పెద్దవి కూడా చూసుకుంటారు. డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు, స్పెషాలిటీ ఉందా అడగండి, దానికి విడిగా ట్రైనింగ్ ఉంటుంది. ఇన్‌స్పెక్షన్‌కి డీఎస్‌హెచ్‌ఎస్ వాళ్లు చెప్పకుండా వస్తారు, ఆ రిపోర్టులు ఎవరైనా చూడొచ్చు, చదవండి. అన్నిటికంటే ముఖ్యం, "రాత్రి రెండింటికి మా అత్తయ్య లేస్తే ఎవరు లేస్తారు" అని అడిగి ఊరుకోండి. మంచి ఇల్లు నడిపేవాళ్లు మనిషి పేరు చెప్తారు, ఆవిడ ఏ గదిలో పడుకుంటుందో, మేలుకునే ఉంటుందో చెప్తారు. "మేం చూసుకుంటాం" అన్నారంటే ఇంకో ఇల్లు చూడండి.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను విజయవాడలో నర్సుగా చేసి ఇక్కడికి వచ్చాను. ఎనిమిది నెలల క్రితం లిన్‌వుడ్ దగ్గర నా ఇంటికి లైసెన్స్ వచ్చింది. ఆరు గదుల్లో నాలుగే నిండాయి. పోయిన శుక్రవారం సాయంత్రం ఒక హాస్పిటల్ నుంచి ఫోన్ చేసి, ఒకాయన ఉన్నారు రేపే పంపిస్తాం అన్నారు. స్ట్రోక్ వచ్చి కుడివైపు పడిపోయింది, మనిషి భారీ. నా దగ్గర రాత్రి ఒక్క కేర్‌గివరే. వద్దంటే మళ్లీ ఫోన్ చెయ్యరేమో, బ్యాంకు వాయిదా తల్చుకుంటే గుండె దడ. సోమవారం చెప్తానన్నాను. ఏం చెయ్యమంటారు? – ఒక ప్రొవైడర్

జవాబు: శుక్రవారం సాయంత్రం ఆ ఫోన్‌కి "సోమవారం చెప్తాను" అనడం ఎంత కష్టమో నాకు తెలుసమ్మా, నేను నా మూడో ఏడాది అలా అనలేకపోయాను. అదే చెప్తాను వినండి.

అప్పుడు హాస్పిటల్ నుంచి నాకొచ్చిన కాగితంలో "ఒకరి సాయంతో లేస్తారు" అని ఉంది. మనిషి 210 పౌండ్లు, అంటే 95 కేజీలు. హాస్పిటల్‌లో పగటిపూట ఫిజికల్ థెరపిస్ట్, బలంగా ఉన్న కుర్రాడు, ఒక్కడే లేపాడు కాబట్టి అలా రాశారు, అది అబద్ధం కాదు. నా రాత్రి కేర్‌గివర్ సన్నటి మనిషి, యాభై దాటిన ఆవిడ. మొదటి రాత్రి ఆయన్ని ఒత్తిగిలించలేకపోయింది, నన్ను లేపడానికి మొహమాటపడింది, రెండో రాత్రీ అంతే. సోమవారం పొద్దున నేను ఒళ్లు తుడుస్తూ చూస్తే నడుం కింద ఎముక దగ్గర ఎర్రగా రూపాయి బిళ్లంత మచ్చ, వేలితో నొక్కితే తెల్లబడట్లేదు, కదలకుండా పడుకుంటే ఒత్తిడికి పడే పుండుకి మొదటి గుర్తు అది. బుధవారానికి చర్మం చిట్లింది. ఆయన మళ్లీ హాస్పిటల్‌కి వెళ్లారు, వాళ్లమ్మాయి ఒక్క మాట కూడా అనలేదు, ఆయన చెప్పులు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. తప్పు ఆ కేర్‌గివర్‌ది కాదు, నాది. ఖాళీ గది చూసుకున్నాను గానీ రాత్రి చూసుకోలేదు.

మన రూల్స్ చెప్పేది కూడా అదే కదా, ఈ ఇంట్లో, ఉన్న స్టాఫ్‌తో, ఎవరి అవసరాలు క్షేమంగా తీర్చగలమో వాళ్లనే చేర్చుకోవాలి, వాళ్లనే ఉంచుకోవాలి. చేర్చుకునే ముందు అసెస్‌మెంట్, అంటే ఆ మనిషికి ఏమేం అవసరమో చూసి రాసిన కాగితం, ఉండాలి, వచ్చిన రోజుకి ప్రాథమిక ప్లాన్ చేతిలో ఉండాలి, 30 రోజుల్లో రెసిడెంట్‌తో, కుటుంబంతో కూర్చుని పూర్తి కేర్ ప్లాన్ రాసి సంతకాలు పెట్టించాలి. కానీ అసెస్‌మెంట్ కాగితం ఎవరు రాసినా సరే, సోమవారం ఫోన్‌లో చెప్పకండి, మీరే హాస్పిటల్‌కి వెళ్లండి. ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు అక్కడ నిలబడి కళ్లతో చూడండి, ఎంతమంది పట్టుకున్నారు, ఆయన ఎడం కాలు నేల మీద ఎంత బలంగా ఆనుతోంది. రాత్రి డ్యూటీ నర్సు దొరికితే ఎన్నిసార్లు బెల్ కొడతారో అడగండి, పగటి నర్సుకి అది తెలీదు. గుటక ఎలా ఉంది, నీళ్లు తాగితే దగ్గు వస్తోందా చూడండి, స్ట్రోక్ కదా. భార్యతోనో కొడుకుతోనో పది నిమిషాలు మాట్లాడండి, రోగానికి ముందు ఈయన ఎలాంటి మనిషో వాళ్లు చెప్పేదే మీకు ఎక్కువ పనికొస్తుంది.

చూసొచ్చాక ఇద్దరు కావాలి అనిపిస్తే, మనిషిని మంచం మీంచి లేపే లిఫ్ట్ మెషిన్ కొని రాత్రికి రెండో మనిషిని పెట్టి ఆ ఖర్చు కలిపి రేటు చెప్పండి. అంత ఇవ్వలేమంటే వద్దనండి, కానీ ఊరికే వద్దనకండి, "రాత్రి నా దగ్గర ఒక్కరే, ఒక్కరు లేపగలిగే మనిషి ఉంటే ఈ రోజే తీసుకుంటా" అని చెప్పండి. నాకైతే అలా చెప్పిన తర్వాతే సరైన ఫోన్లు రావడం మొదలైంది. చేర్చుకుంటే మాత్రం వచ్చిన గంటలోపు మీరే తల నుంచి మడమల దాకా చర్మం చూసి, ఎక్కడేముందో తేదీ వేసి రాసుకోండి, పక్క మీద ఉన్నంతసేపు రెండు గంటలకోసారి ఒత్తిగిలించే పని ఎవరిదో రాత్రి షీట్‌లో పేరుతో సహా ఉండాలి.

పనిలోపనిగా మనవాళ్ల గురించి ఒకటి చెప్పాలి. ఎర్రబడిందా, నొక్కితే తెల్లబడుతోందా అని ట్రైనింగ్‌లో నేర్పేది తెల్లటి ఒంటికి సరిపోతుంది. మన చామనఛాయ, నల్లటి ఒళ్లలో ఆ ఎరుపు సరిగ్గా కనపడదు. పక్క చర్మం కంటే వేడిగా ఉందా చల్లగా ఉందా, గట్టిగా ఉందా మెత్తబడిందా, రంగు ఊదాగా నల్లగా తేడా కొడుతోందా, అరచేత్తో తాకి చూడమని మీ కేర్‌గివర్లకి చెప్పండి. ఈ ఒక్క సంగతి తెలియకే చాలా పుండ్లు పైకి కనపడేదాకా పట్టించుకోరు.

ఇంకో మాట, ఇవాళ ఒక్కరితో లేచే మనిషి ఆరు నెలలకి ఇద్దరితో కూడా లేవకపోవచ్చు. మనిషి మారినప్పుడల్లా ప్లాన్ మార్చాలి, ఏమీ మారకపోయినా ఏడాదికోసారి తిరగరాయాలి. ఇక మీ వల్ల కాదు అనిపించిన రోజున మామూలుగా 30 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పి, ఇంకో చోటు దొరికేదాకా సాయం చెయ్యండి. ఎమర్జెన్సీ రూమ్‌కి పంపించి మళ్లీ తీసుకోము అని ఫోన్ చేసేవాళ్లు కొందరున్నారు, అది ఎంత కష్టమొచ్చినా చెయ్యకూడని పని.

ప్రశ్న: నాన్నగారు రాత్రుళ్లు మంచం దిగి పడిపోతున్నారు. మంచానికి రెండువైపులా రెయిల్స్, అంటే అడ్డు కడ్డీలు, పెట్టమంటే హోమ్ వాళ్లు కుదరదంటున్నారు, గదిలో కెమెరా పెడతామంటే ఏవో కాగితాలంటున్నారు. డబ్బులు కట్టేది మేమే కదా అండీ? – ఒక కొడుకు, సమామిష్

జవాబు: మీ భయం అర్థమైంది, కానీ వాళ్లు సరిగ్గానే చెప్తున్నారు. మతి సరిగ్గా లేని మనిషికి రెయిల్ అడ్డం పెడితే దిగడం మానరు, రెయిల్ ఎక్కి ఇంకా ఎత్తు నుంచి పడతారు, లేదా రెయిల్‌కీ పరుపుకీ మధ్య తలో ఛాతీయో ఇరుక్కుంటుంది, అలా ప్రాణాలు పోయాయి. స్టాఫ్ సౌకర్యం కోసం మనిషిని కట్టెయ్యడం, మందు ఇచ్చి మత్తులో ఉంచడం ఇక్కడ నిషేధం. మంచం బాగా కిందకి దించమనండి, పక్కన మెత్తటి మ్యాట్ వేయమనండి, అన్నిటికంటే ముందు ఆయన ఎందుకు దిగుతున్నారో కనుక్కోండి, నూటికి తొంభైసార్లు బాత్‌రూమ్ కోసమే అని నా అనుభవం, సాయంత్రం నీళ్ల మాత్ర, అంటే మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మందు, వేస్తుంటే పొద్దున్నకి మార్చొచ్చేమో డాక్టర్‌ని అడగండి. కెమెరా మీ నాన్నగారి గదిలో ఆయన కోరితే, ఆయన ఒప్పుకుంటే పెట్టుకోవచ్చు, గదిలో ఇంకొకరుంటే వాళ్లు కూడా ఒప్పుకోవాలి, అందుకే ఆ కాగితాలు. అది ఆయన ఇల్లు, ఆయన బట్టలు మార్చుకునే గది.

ప్రశ్న: మెడికేర్ ఉంటే హోమ్ ఖర్చు వాళ్లే ఇస్తారా? అమ్మ గ్రీన్‌కార్డ్ మీద వచ్చి మూడేళ్లయింది. – రెంటన్

జవాబు: ఇవ్వరండి. మెడికేర్ అనేది పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా, డాక్టర్‌కి, హాస్పిటల్‌కి ఇస్తుంది గానీ ఇలా నెలల తరబడి ఉండి తినిపించడానికి, స్నానం చేయించడానికి ఇవ్వదు. అది ఇచ్చేది మెడికెయిడ్, ఆదాయం ఆస్తి తక్కువ ఉన్నవాళ్లకి, పైగా గ్రీన్‌కార్డ్ వచ్చాక మామూలుగా ఐదేళ్లు ఆగాలి. మీ జీతంలో 2023 జులై నుంచి 0.58 శాతం డబ్ల్యూఏ కేర్స్ అని కట్ అవుతుంది చూడండి, ఇలాంటి సంరక్షణ కోసం రాష్ట్రం పెట్టిన బీమా, అది ఇక్కడ పనిచేసి ప్రీమియం కట్టినవాళ్లకి, అమ్మగారికి కాదు. ఇప్పటికి మీ చేతి డబ్బే. చేర్చే ముందు ఆ హోమ్ మెడికెయిడ్ తీసుకుంటుందా, డబ్బులు అయిపోయి మెడికెయిడ్‌కి మారితే అమ్మని అక్కడే ఉంచుతారా అని వాళ్ల పాలసీ రాతలో తీసుకోండి.

ప్రశ్న: మేడమ్, మా అమ్మది అమలాపురం దగ్గర పల్లె. 81 ఏళ్లు, డిమెన్షియా. ఐదు నెలల క్రితం కెంట్‌లో ఒక హోమ్‌లో చేర్చాం. ఇంగ్లీషు రాదు. రోజూ పొద్దున తలుపు దగ్గరికెళ్లి "బయటికెళ్లాలి, బయటికెళ్లాలి" అని గొడవ చేస్తుందట, చెయ్యి పట్టుకుని తీసుకొస్తే కొడుతుందట, స్నానం అంటే కేకలు. తింటుంటే పొలమారుతోంది. మంచి మనుషులే, నాకు ఫోన్ చేసి ట్రాన్స్‌లేటర్‌లో చూశాం, ఇంటికి వెళ్లిపోతానంటోంది అన్నారు. మందు డోసు పెంచే ఆలోచనలో ఉన్నారు. నాకు నిద్ర పట్టట్లేదు. – ఒక కొడుకు

జవాబు: బాబూ, మందు పెంచే ముందు ఒక్కసారి ఆగమనండి. అమ్మగారు "బయటికెళ్లాలి" అనేది పొద్దున కాఫీ తాగాకేనా? మీ పల్లెలో ఆవిడ వయసు వాళ్లు ఆ మాట ఎందుకంటారో గుర్తు చేసుకోండి. చెంబు పట్టుకుని దొడ్లోకో చేనుగట్టుకో వెళ్లిన రోజుల మాట అది. మా ఇంట్లో ఒక గోదావరి జిల్లా మామ్మగారు ఉండేవారు, అచ్చం ఇలాగే, నేను లేని రెండు రోజుల్లో "ఇల్లు వదిలి వెళ్లే ప్రయత్నం" అని నాలుగుసార్లు నోట్స్‌లో రాసేశారు, తలుపుకి అలారం కూడా పెట్టారు. పాపం ఆవిడ అడుగుతున్నది టాయిలెట్. తలుపు దగ్గర్నుంచి చెయ్యి పట్టుకుని సోఫాలోకి లాక్కొస్తే, అంత అర్జెంటుగా ఉన్న మనిషి కొట్టక ఏం చేస్తుంది? కాఫీ అయిన పది నిమిషాలకి ఎవరూ ఏమీ అడగకుండా బాత్‌రూమ్‌కి తీసుకెళ్లడం మొదలుపెట్టాం, వారంలో ఆ గొడవ ఆగిపోయింది. మీ అమ్మగారిది కూడా అదేనని ఇక్కడ కూర్చుని చెప్పలేను గానీ మూడు రోజులు ఎన్ని గంటలకి అంటున్నారో రాయమనండి. మలబద్ధకం ఉందేమో చూడమనండి, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందా టెస్ట్ చేయించండి, పెద్దవాళ్లలో ఈ రెండూ మనిషిని మార్చేస్తాయి.

స్నానం సంగతి. మీ అమ్మగారు జీవితంలో ఎప్పుడూ ఎవరి ముందూ పూర్తిగా బట్టలు విప్పి ఉండరు, పై నుంచి మొహం మీద షవర్ నీళ్లు కొట్టించుకుని ఉండరు. ఒక ప్లాస్టిక్ బకెట్, మగ్గు కొనిచ్చి రండి. కుర్చీలో కూర్చోబెట్టి, పాత నూలు చీర ముక్క ఒంటికి చుట్టి, ముందు పాదాల మీద ఒక మగ్గు పొయ్యమనండి, తర్వాత మోకాళ్లు, తర్వాత భుజాలు, తల చివర. రెండో మగ్గు ఆవిడ చేతికే ఇవ్వమనండి. మా మామ్మగారు మగ్గు చేతికి రాగానే వెన్ను మీద తనే పోసుకుని, ఇటు తిరిగి మా కేర్‌గివర్ చేతులు కూడా కడిగారు. నీళ్లు 120 ఫారెన్‌హీట్ దాటి రాకూడదని రూలు, అది హోమ్ వాళ్లు చూసుకుంటారు, మీరు చెప్పాల్సింది ఆవిడకి ఆడమనిషే చేయించాలి అని, అది అడగడానికి మొహమాటం వద్దు.

పొలమారడం అశ్రద్ధ చెయ్యకండి, స్పీచ్ థెరపిస్ట్ చేత గుటక పరీక్ష చేయించమని డాక్టర్‌ని అడగండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా. చాలామందికి తెలియనిది ఏంటంటే చారన్నం పెద్ద ప్రమాదం, నీళ్లు ముందు జారిపోతాయి, మెతుకులు నోట్లోనే ఉంటాయి, ఆ రెండింటినీ ఒకేసారి సంభాళించలేరు. మజ్జిగ కూడా పల్చనే. మెత్తగా పిసికిన పెరుగన్నం, నెయ్యి వేసి గరిటెతో మెదిపిన పప్పన్నం చాలామందికి బాగానే దిగుతాయి, కానీ మీ అమ్మగారికి ఎంత చిక్కగా ఉండాలో థెరపిస్టే చెప్పాలి, అది ప్లాన్‌లోకి ఎక్కాలి. నిటారుగా కూర్చోబెట్టి పెట్టాలి, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. వీలైతే చెంచా పక్కన పెట్టి, చెయ్యి కడిగి ఆవిడ చేత్తోనే తిననివ్వమనండి.

ఈ ఆదివారం వెళ్లేటప్పుడు ఒక కాగితం రాసి తీసుకెళ్లండి. ఒకవైపు అమ్మ అనే మాట ఇంగ్లీషు అక్షరాల్లో, పక్కన అర్థం. దాహం, నొప్పి, చలి, చాలు, వద్దు, మెల్లిగా, ఒంటికి. కేర్‌గివర్ ఫోన్‌లో మీ గొంతుతో అవే మాటలు రికార్డ్ చేసివ్వండి, పలకడం నేర్చుకుంటారు. కాగితం బాత్‌రూమ్ తలుపు లోపలివైపు అతికించమనండి, అందరి కళ్లా పడకుండా. అన్నిటికంటే పైన "బయటికెళ్లాలి" అని రాసి పక్కన టాయిలెట్ అని రాయండి, వెంటనే అని కూడా.